స్పిన్ కోసం ఏ స్ట్రింగ్స్: మట్టి కోర్టులో నాలుగేళ్ల అనుభవం

టెన్నిస్ రాకెట్‌లో నిలువు స్ట్రింగ్ ఒకదాన్ని వేలితో పక్కకు లాగి వదలండి. టక్కుమని తన చోటికి వచ్చేస్తే ఆ రాకెట్‌తో టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకు దొర్లినట్టు తిరగడం, పడుతుంది. వంకర తిరిగి అక్కడే ఉండిపోతే ఎంత విసిరి కొట్టినా పడదు. విజయవాడలో మట్టి కోర్టు మీద నాలుగేళ్లుగా వారానికి నాలుగు రోజులు పొద్దున్నే ఆడుతూ, రకరకాల గట్టింగ్‌లు చేయించి చూశాక నేను గట్టిగా నమ్ముతున్నది ఇదే.

నా రాకెట్ హెడ్ 100 చదరపు అంగుళాలు, బరువు 300 గ్రాములు, ప్యాటర్న్ 16 నిలువు, 19 అడ్డం. మొదట్లో అందరిలాగే సింథటిక్ గట్ (నైలాన్ స్ట్రింగ్) వేయించాను, 58 పౌండ్ల టెన్షన్‌కు, అంటే బిగువుకు. చేతికి హాయిగానే ఉండేది. కానీ వారం తిరిగేసరికి నిలువు స్ట్రింగ్స్ అన్నీ చెదిరిపోయేవి. పాయింటుకీ పాయింటుకీ మధ్య నిలబడి వేళ్లతో సర్దుకోవడమే పని. అడ్డ స్ట్రింగ్ దాటే ప్రతి చోటా గాట్లు పడి, ఆ గాట్లలో మా కోర్టు ఎర్రమట్టి చేరి, స్ట్రింగ్స్ ఒకదానికొకటి పట్టేసుకునేవి.

స్పిన్ ఎలా వస్తుందో అప్పుడే అర్థమైంది. బంతి రాకెట్ మీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు, అంతే. ఆ కాస్త సమయంలో నిలువు స్ట్రింగ్స్ బంతితో పాటు పక్కకు జరిగి, వెంటనే వెనక్కి వస్తూ బంతిని తిప్పేస్తాయి. కాబట్టి స్ట్రింగ్ బంతిని పట్టుకోవడం కంటే, తోటి స్ట్రింగ్ మీద జారడం ముఖ్యం. 1977లో స్పెగెటీ రాకెట్ అని ఒకటి వచ్చింది. అందులో స్ట్రింగ్స్‌ని అల్లకుండా వదిలేసి, ఇష్టమొచ్చినట్టు జరిగేలా కట్టారు. ఆ రాకెట్‌తో ఆడుతున్న రొమేనియా ఆటగాడు నస్తాసే విసిరే స్పిన్‌కు తట్టుకోలేక, మట్టి కోర్టు మీద ఆ ఏడాది ఎదురులేని అర్జెంటీనా ఆటగాడు విలాస్ మ్యాచ్ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాదికల్లా ఆ పద్ధతిని పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు పాలియెస్టర్ (పాలీ) స్ట్రింగ్ చేస్తున్నది నిబంధనలకు లోబడి దాదాపు అదే పని. గట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి జారుతుంది, తిరిగి వస్తుంది. 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ లక్సిలాన్ కంపెనీ పాలీతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రొఫెషనల్ ఆటగాళ్లు చాలామంది దానివైపు మళ్లారు.

నేనూ పాలీకి మారాను. మారిన తీరే తప్పు. నాదల్ 55 పౌండ్లు వేయిస్తాడని చదివి నేనూ అంతే చెప్పాను. గట్టింగ్ చేసిన షాపతను "టెన్షన్ దిగిపోతుందండీ" అంటూ ఇంకో మూడు పౌండ్లు ఎక్కించాడు. రెండు నెలలు తిరగకముందే మోచేయి పట్టేసింది. పొద్దున్నే కాఫీ గ్లాసు ఎత్తితే నొప్పి. ఆరు వారాలు ఆట మానేశాను. పాలీలో పెద్దగా సాగే గుణం ఉండదు. సింథటిక్ గట్ టెన్షన్ దానికి పెట్టకూడదు. నైలాన్‌కు అలవాటుపడినవాళ్లు కనీసం ఐదారు పౌండ్లు దించాలి. నేను 48కి దించాను. బంతి బయటికి పోతుందని భయపడ్డాను గానీ, స్పిన్ పెరిగి బేస్‌లైన్ లోపలే దిగింది.

తర్వాత కోణాలున్న స్ట్రింగ్స్ వరసగా ప్రయత్నించాను. ఆర్‌పీఎం బ్లాస్ట్‌కు ఎనిమిది పలకలు, హైపర్-జీ అంచులు ఇంకా పదునుగా తగులుతాయి. హైపర్-జీ వేయించిన మొదటి రోజు, రోజూ నాతో ఆడే మాష్టారు నెట్ దగ్గరికొచ్చి, "ఏంటండీ, ఇవాళ బంతి నా భుజాల మీదికి లేస్తోంది?" అన్నారు. ఆయనది ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. ఆ ఎత్తులో ఆయనకు కష్టమే. అయితే నిలువు, అడ్డం రెండూ కోణాల స్ట్రింగే అయితే అంచులు ఒకదాన్నొకటి కోసుకుని తొందరగా పట్టేస్తాయి. అందుకే ఏడాదిన్నరగా నిలువుకు 1.25 మిల్లీమీటర్ల మందం హైపర్-జీ, అడ్డానికి గుండ్రటి నున్నటి పాలీ వేయిస్తున్నాను. నిలువు 48, అడ్డం 46. నేను వాడినవాటిలో జారుడు ఎక్కువ కాలం నిలిచింది ఈ జోడీకే.

నచ్చనిది ఒకటుంది. పాలీ తెగదు, చచ్చిపోతుంది. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. బంతి మాత్రం రాకెట్ మీద నుంచి దొప్పున వస్తుంది, చెయ్యి అదురుతుంది, స్పిన్ తగ్గుతుంది. నా లెక్కలో పన్నెండు, పదిహేను గంటల ఆట తర్వాత పని అయిపోయినట్టే. తెగలేదు కదా అని మూడు నెలలు లాగేవాళ్లను మా క్లబ్బులో చాలామందిని చూస్తున్నాను. వాళ్లలో సగం మంది మోచేతికి పట్టీతో కనిపిస్తారు. నేను గంటలు రాసి పెట్టుకుని, తెగకపోయినా కత్తిరించేస్తాను. ఇందువల్ల ఖర్చు ఎక్కువే. విడి సెట్లు మానేసి 200 మీటర్ల రీలు కొంటే కాస్త కలిసొస్తుంది. ఒక రాకెట్‌కు 12 మీటర్లు చాలు. వేసవిలో రాకెట్ బ్యాగును కారులో వదలకండి. ఏప్రిల్ ఎండకు టెన్షన్ ఇంకా వేగంగా దిగిపోతుంది.

ఫోర్‌హ్యాండ్‌ను కింది నుంచి పైకి పూర్తిగా విసరనివాళ్లకు పాలీ దండగ. స్పిన్ లేకుండా ఫ్లాట్‌గా కొట్టేవాళ్లు మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపి చేసిన మెత్తటి స్ట్రింగ్) వేయించుకుంటే చేతికి సుఖం, బంతికి వేగం. మా అబ్బాయికి పన్నెండేళ్లు. హైపర్-జీ పచ్చరంగు చూసి రోజూ అడుగుతాడు. వాడి రాకెట్‌కు మాత్రం ఇంకా సింథటిక్ గట్టే, 50 పౌండ్లకు.