కొనే ముందు డెమో స్కీలు: రిసార్ట్ షాపులోనా, ఊళ్లో షాపులోనా?

బే ఏరియా నుంచి లేక్ టాహోకి వెళ్లే మనవాళ్లు స్కీలు కొనే ముందు డెమో జత, అంటే వాడి చూడటానికి అద్దెకిచ్చే జత, ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోలేక తడబడతారు. సౌత్ లేక్ టాహో ఊళ్లో షాపుల్లో అద్దె సాధారణంగా తక్కువ, ముందురోజు సాయంత్రమే తెచ్చుకోవచ్చు, కానీ కొండెక్కాక ఆ జత నచ్చకపోతే రోజంతా దానితోనే గడపాలి, లేదంటే బూట్లు విప్పి, కారెక్కి, తిరిగొచ్చి మళ్లీ పార్కింగ్ వెతుక్కోవాలి.

స్కీ కొండ దగ్గరే ఉండే రిసార్ట్ షాపులో అద్దె ఎక్కువే తీసుకుంటారు. అయినా నా ఓటు దానికే! చాలాచోట్ల ఒకే అద్దెలో రెండు మూడు జతలు మార్చుకోనిస్తారు. ఒక గంట నడుము, అంటే మధ్యలో వెడల్పు, 88 మిల్లీమీటర్లున్న స్కీ, వెంటనే అదే వాలు మీద 100 ఉన్నది వేసుకుంటే, మంచూ అదే, కాళ్లూ అవే కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది. అక్కడి మంచు తడిసి బరువెక్కుతుంది, దాన్ని సియెర్రా సిమెంట్ అనేది అందుకే. అందులో వెడల్పుది తేలుతుంది, గట్టి మంచు మీద సన్నది చకచకా తిరుగుతుంది.

ఇప్పటికే ఒక మోడల్ మీద మనసు పడి, రెండు మూడు రోజులు వాడి చూడాలంటే మాత్రం ఊళ్లో షాపే మేలు.

ఎక్కడ తీసుకున్నా డెమో బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, రకరకాల బూటు సైజులకు సరిపోయేలా జరుగుతుంది, అందుకే కాస్త బరువు. అంచులు ఎప్పుడు పదును పెట్టారో అడగండి, మొద్దు అంచులతో మంచి స్కీ కూడా చెడ్డదనిపిస్తుంది. కొంటే అద్దె తగ్గిస్తారేమో కూడా ముందే కనుక్కోండి.