మా ఊరి అంగన్‌వాడీలో బుధవారం టీకాలు: మా అనుభవం

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పురిటికొచ్చిన మా అమ్మాయి ఇంకా మా దగ్గరే ఉంది. మనవడికి మూడున్నర నెలల టీకాలు ఊళ్లో అంగన్‌వాడీలోనే వేయించాం. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే, జ్వరం రాని సూది అంటూ వేలల్లో చెప్పారు. అల్లుడు అక్కడికే వెళ్దామన్నాడు. నేనొప్పుకోలేదు.

ఎడమ తొడకి ఐదు జబ్బులు రాకుండా పెంటా, కుడి తొడకి న్యుమోనియా రాకుండా పీసీవీ, కుడి భుజానికి పోలియో సూది. ఇవికాక నోట్లో పోలియో చుక్కలు, నీళ్ల విరేచనాలు రాకుండా రోటా. "ఒక్కరోజే ఇన్నేటండీ?" అని అమ్మాయి బెదిరిపోయింది. "ఇయ్యాల ఒక్కపాలి ఏడుత్తాడమ్మా, లేపోతే మూడుపాల్లు ఏడిపించాల" అంది నర్సమ్మ. మందు తీసేముందు సీసా నా వైపు తిప్పి చూపించింది. లేబుల్ మీద గుండ్రటి గుర్తు, మధ్యలో తెల్లటి గడి. వేడి తగిలేకొద్దీ ఆ గడి రంగు ముదురుతుంది. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతే ఆ మందు ఇక వాడరు. సిరంజి కూడా ఒకసారి నొక్కితే మళ్లీ వెనక్కి రాని రకం. పైసా తీసుకోలేదు.

"ఇప్పుడు పోలియో ఎక్కడుందత్తయ్యా?" అన్నాడు అల్లుడు. మా పెద్దన్నయ్యని చూడమన్నాను. 1978లో ఈ టీకాల కార్యక్రమం దేశంలో మొదలయ్యేనాటికే ఆయన కాలు సన్నబడిపోయింది. ఇప్పటికీ మోకాలి మీద చెయ్యి అదుముకుంటేగాని అడుగు పడదు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014లో మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. కానీ పాకిస్తాన్‌లో, ఆఫ్ఘనిస్తాన్‌లో ఆ వైరస్ ఇంకా ఉంది. మనం మానేస్తే అది తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? రోటా అయితే 2016లో ముందు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. నీళ్ల విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లల్ని చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

ఆ రాత్రి జ్వరం వచ్చింది. నర్సమ్మ చెప్పినంతే పారాసిటమాల్ చుక్కలు వేశాం, మర్నాటికి తగ్గింది.

బాగోలేనిది వసతి. సూది వేశాక అరగంట అక్కడే ఉండమంటారు, ఉండాలి కూడా. కానీ ఉన్నది ఒక్క బెంచీ, ఫ్యాన్ తిరగదు. పచ్చి బాలింతలు బిడ్డల్ని ఎత్తుకుని వరండాలో నిలబడ్డారు. పంచాయతీవాళ్లు నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాన్ వేయిస్తే చాలు.

తొమ్మిదో నెల టీకాలకి పిల్లాడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఈ టీకాల కార్డు పట్టుకెళ్తే అక్కడి ప్రభుత్వ కేంద్రంలో వేస్తారు. అమ్మాయి బ్యాగులో ఇప్పుడే పెట్టేశాను.