కొండ మీద కొండెక్కిన దీపం

తలకి కట్టుకునే ఈ హెడ్‌ల్యాంప్ కొని రెండున్నరేళ్లు దాటింది. కొన్న నెలకే మా పర్లాకిమిడిలో కనిపించినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని కొనేయండి" అని చెప్పాను. నా మాట నమ్మి ఇద్దరు కొన్నారు కూడా. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, ఇప్పుడు అడిగితే "కళ్లు తెరిచి ఆ చార్జింగ్ కన్నం ఒకసారి చూసుకోండి" అంటాను. నా కోపమంతా దాని మీదే. కంపెనీ పేరు రాయడం లేదు.

ల్యూమెన్లూ (వెలుగు కొలత) బరువూ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. "ఇన్ని గంటలు వెలుగుతుంది" అన్న చోట మాత్రం ఒక్క మాట. టార్చిలైట్లని కొలిచే ఆన్సీ ఎఫ్ఎల్1 అనే అమెరికా ప్రమాణంలో, మొదటి వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా గంటలు లెక్కపెడతారు. అంటే చివరి గంటల్లో మిణుగురు వెలుగు ఉన్నా లెక్కలోకే వస్తుంది. నాది మీడియం వెలుగులో కొత్తలో ఐదు గంటలు వచ్చేది, ఇప్పుడు మూడున్నర. దానికి కోపం లేదు, బ్యాటరీ అన్నాక అరుగుతుంది.

అసలు సంగతికి వస్తాను. 2025 శివరాత్రికి, ఫిబ్రవరి 26న, మా బావా నేనూ మహేంద్రగిరి ఎక్కాం. బావది పాతపట్నం. ఆంధ్రా-ఒడిశా సరిహద్దుకి అటు వాళ్లు, ఇటు మేము. 1501 మీటర్ల కొండ, పైన భీముడి గుడి, కుంతి గుడి, ఎముకలు కొరికే గాలి. బహుళ చతుర్దశి కాబట్టి వెన్నెల మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. అంతకు ముందు ఏడాది ఇదే లైటుతో ఎక్కి దిగాను, చీమంత ఇబ్బంది లేదు. ఆ ధీమాతోనే బావని "నువ్వు టార్చి తేవద్దు" అన్నాను.

దర్శనమయ్యాక సంచి తెరిస్తే లోపల వెచ్చగా తగిలింది. దుప్పటి మడతల్లో లైటు అప్పటికే వెలుగుతోంది, కొడిగట్టిన దీపంలా. "బటన్ పెద్దది, చీకట్లో చేతికి ఇట్టే తగులుతుంది" అని కొన్న కొత్తలో నేనే మెచ్చుకున్నాను, జీపు కుదుపులకి అదే బటన్ అన్నం క్యారేజీకి కూడా ఇట్టే తగిలింది. లాక్ ఉంది. మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పడుతుంది. వేయలేదు, అది నా తప్పే. బయటకి తీసి బెల్టు సరిచేసేలోపే ఆరిపోయింది.

"ఏటి బావా, నీ దీపం కొండెక్కిపోనాదేటి?" అన్నాడు. కొండ మీద నిలబడి ఆ మాట అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయినా టెన్షన్ పడలేదు. బావ దగ్గర కొత్త పవర్ బ్యాంకు ఉంది, రెండు కొసలా టైప్-సి ఉన్న కేబుల్ ఉంది. నా లైటుదీ టైప్-సి కన్నమే. గుచ్చాను. చార్జింగ్ చుక్క వెలగలేదు. తిప్పి గుచ్చాను. కన్నంలోకి ఊదాను. కండువా కొసతో తుడిచాను. అదే కేబుల్ ఫోనుకి పెడితే టక్కున ఎక్కుతోంది. పక్కన జాగారం చేస్తున్న కుర్రాళ్ల పవర్ బ్యాంకు అడిగి పెట్టాను, వాళ్ల కేబులూ అలాంటిదే, అక్కడా అంతే. లైటు చచ్చిందనే అనుకున్నాం. ఇంటికొచ్చి టీవీ వెనక వేలాడే పాత కేబుల్‌కి తగిలిస్తే ఏమీ ఎరగనట్టు చార్జింగ్ ఎక్కింది!

బజారులో మొబైల్ రిపేరు కుర్రాడు దాన్ని విప్పి చూసి, "ఇందులో రెసిస్టర్లు ఎయ్యలేదు సార్" అన్నాడు. టైప్-సి కన్నమున్న చార్జర్, అవతల ఒక వస్తువు ఉందని తెలిస్తే తప్ప కరెంటు వదలదట. ఆ సంగతి తెలియడానికి లైటులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టాలి. పైసల సరుకు. అవి మిగుల్చుకున్నారు. పాత వెడల్పాటి యూఎస్‌బీ-ఏ కన్నానికి ఈ పట్టింపు లేదు, 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో మొదటి నుంచీ ఆ పాత కేబుల్‌తోనే చార్జింగ్ పెడుతున్నాను కాబట్టి అన్నాళ్లూ బయటపడలేదు. అమ్మినవాళ్లకి రాస్తే, "డబ్బాలో ఇచ్చిన కేబులే వాడాలి" అని జవాబు. అలాంటప్పుడు డబ్బా మీద టైప్-సి అని అంత లావు అక్షరాలు ఎందుకో.

ఆ రాత్రి దిగడం మాత్రం నాకు ఒకటి నేర్పింది. ఉన్నది బావ ఫోను లైటు ఒక్కటే. నేను వెనక నుంచి పట్టుకుంటే బావ నీడే దారిని మింగేస్తోంది. అందుకని ఆయనే ముందు నడుస్తూ ఫోనుని మోకాలి దగ్గర పట్టుకున్నాడు. అప్పుడు చూశాను, ప్రతి రాయికీ పొడవాటి నీడ. ఏది గుంటో, ఏది మెట్టో విడివిడిగా తెలుస్తోంది. నుదుటి మీద లైటు ఉన్నప్పుడు నీడలన్నీ రాళ్ల వెనక్కి పోయి దారంతా చదునుగా కనిపిస్తుంది, పాదం తడబడుతుంది. పొగమంచులో ఇంకా ఘోరం, వెలుగంతా తిరిగి కళ్లలోకే కొట్టి ఎదురుగా తెల్లగోడ కట్టినట్టుంటుంది. అప్పటి నుంచి దిగేటప్పుడు హెడ్‌ల్యాంప్‌ని తల మీద నుంచి తీసి బెల్టుని అరచేతికి చుట్టుకుంటున్నాను. తలకి పెట్టుకోవడానికి కొన్న వస్తువుని చేతికి కట్టుకోవడమేమిటని మా ఇంట్లో నవ్వుతారు.

నుదుటి మీద ఉంటేనే దొరికే సరదా కూడా ఒకటుంది. వానాకాలం పొలం గట్టు మీద నడుస్తుంటే గడ్డిలో మంచుబొట్లలా మెరుస్తాయి. దగ్గరికెళ్తే బొట్టు కదులుతుంది. సాలీడు కళ్లు అవి! లైటు మన కళ్ల పక్కనే ఉంటేనే ఆ మెరుపు తిరిగి మనకి అందుతుంది, నడుం దగ్గర టార్చి పట్టుకుంటే కనిపించదు. మా అబ్బాయి గట్టు పొడవునా వాటిని లెక్కపెడతాడు.

ఇందులో ఉన్న ఎర్రలైటుని కూడా కొన్న కొత్తలో తెగ పొగిడాను. చీకటికి అలవాటు పడ్డ కళ్లని చెడగొట్టదు, ఎదుటివాడి మొహాన కొట్టదు, గుడారంలో పడుకున్నవాళ్లు తిట్టుకోరు. అన్నీ నిజమే. కానీ దేవమాలి కొండ మీద గుడారం వేసిన రాత్రి ఆ వెలుగులోనే గుడ్ల కూర వండాను. ఎర్ర వెలుగులో కారమూ ఉప్పూ ఒకేలా పాలిపోయి కనిపిస్తాయని ఎవరికి తెలుసు? ఉప్పనుకుని రెండోసారి కారమే వేశాను. బావ ఒక్క ముద్ద తిని సీసా నీళ్లన్నీ తాగేశాడు. వంటకి తెల్లలైటే వేసుకోండి.

రెండు వానల్లో తడిసింది, ఏమీ కాలేదు. బెల్టు సాగిపోయింది, ఉతికితే కాస్త బిగుస్తుంది.

మరి కొనవచ్చా అంటే, నేను ఏడాదికి నాలుగైదు సార్లు కొండలకి పోయేవాణ్ణి, మిగతా రోజుల్లో కరెంటు పోతే పెరట్లోకి వెళ్లడానికి వాడేవాణ్ణి. నాకు ఇది సరిపోయింది, పాడయ్యేదాకా మార్చను. రోజూ రాత్రి మోటారు దగ్గరికి వెళ్లేవాళ్లకి, ఏనుగులో ఎలుగుబంట్లో తిరిగే చోట ఉండేవాళ్లకి మాత్రం దూరం కొట్టే చేతి టార్చే మేలు అనిపిస్తుంది. మళ్లీ కొంటే సెల్లు ఊడదీసి మార్చుకునే రకం కొంటాను. ఇందులో సీలు వేసేశారు.

ప్రస్తుతానికి జానెడు పాత కేబుల్‌ని లైటు బెల్టుకే దారంతో కట్టేశాను. బావ మొన్న శ్రీకాకుళంలో కొత్త లైటు కొన్నాడు. తన సి-టు-సి కేబుల్ జేబులో పెట్టుకెళ్లి, షాపులోనే గుచ్చి, చుక్క వెలిగాకే డబ్బులిచ్చాడట.