సర్జ్ ట్యాంక్: చాలాకాలం వాడాక నా మాట

నా టర్బో పెట్రోల్ కారుకు సర్జ్ ట్యాంక్, అంటే ఇంజన్‌కు పెట్రోల్ తెగకుండా అసలు ట్యాంకుకు తోడుగా పెట్టే చిన్న డబ్బా, పెట్టించి చాలా కాలమైనా దాని మీద మోజు తగ్గలేదు. అంతా ఫ్యూయల్ ప్రెషర్ మీటరు ముల్లు వల్లే. అంతకుముందు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో పొడుగాటి మలుపు తీసుకుంటే, ట్యాంకు సగానికి దిగినా చాలు, పెట్రోలంతా ఓ పక్కకు పోయి పంపు గాలి పీల్చేది. ముల్లు టక్కున పడేది. కార్బ్యురేటర్ బండికైతే ఫ్లోట్ చాంబర్‌లో కాస్త నిల్వ ఉంటుంది, ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని నెడుతుండగా, మిక్చర్ లీన్ అయితే (గాలికి తగ్గ పెట్రోల్ అందకపోతే) పిస్టన్లకే ఎసరు.

ఇప్పుడు అదే మలుపులో పావు ట్యాంకుతో వెళ్లినా ముల్లు పెట్టిన చోటే ఉంటోంది. ట్యాంకులోని పంపు డిక్కీలో ఉన్న రెండు లీటర్ల డబ్బాను నింపుతూ ఉంటుంది, హైప్రెషర్ పంపు ఆ డబ్బా అడుగు నుంచి లాగుతుంది. ప్రెషర్‌ను అదుపులో పెట్టే రెగ్యులేటర్ నుంచి తిరిగొచ్చేది మళ్లీ డబ్బాలోకే, మిగిలింది పైనుంచి ట్యాంకులోకి.

అయితే ఈ డబ్బా జబ్బును దాస్తుంది కూడా. మదనపల్లె నుంచి తిరుపతికి వస్తుంటే పీలేరు దాటాక ఎక్కడో ట్యాంకులోని పంపు ఆగిపోయింది. కారు మామూలుగానే పరిగెత్తింది, ముల్లూ కదల్లేదు. భాకరాపేట ఘాట్‌లో డబ్బా ఖాళీ అయ్యాక ఒక్కసారిగా ఇంజన్ ఆగింది. వెనక లారీ, పక్కన లోయ, ట్యాంకు చూస్తే ముప్పావు వంతు. టెన్షన్‌తో మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, తాళం తిప్పి చెవి పెట్టి ఇను. డిక్కీలో పంపు అరస్తా ఉండాదా, సీటు కింద పంపు అరస్తా ఉండాదా?"

సీటు కింద, అంటే ట్యాంకులోని పంపు దగ్గర, చప్పుడు లేదు. వెనక సీటు ఎత్తితే కనెక్టర్‌లో ఒక పిన్ను వేడికి నల్లబడి వదులైంది. తాళం తీసేసి పిన్ను గీకి, గట్టిగా నొక్కి మళ్లీ తిప్పాక పంపు సన్నగా మోగింది. డబ్బా నిండేదాకా ఆగి స్టార్ట్ చేస్తే అందుకుంది.

తర్వాత ఆ పంపుకు వేరే రిలే, లావు వైరు వేయించాను. డబ్బా పైభాగంలో లెవెల్ స్విచ్ పెట్టి, పెట్రోల్ మట్టం తగ్గితే వెలిగేలా డాష్‌బోర్డులో ఎర్ర దీపానికి కలిపించాను. ఈ దీపం లేకుండా మాత్రం ఎవరినీ సర్జ్ ట్యాంక్ పెట్టించమనను. మన ఎండల్లో పెట్రోల్ వేడెక్కడం, డిక్కీలో మోత ఎలాగూ ఉంటాయి. ఇ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్‌కు తట్టుకునే గొట్టాలే వేయించాలి.

తిరుమల ఘాట్ ఎక్కి దిగడానికి ఇదంతా దండగ. అక్కడ ఎటూ మరీ వేగంగా పోకుండా టైం లిమిట్ పెట్టారు, సగం ట్యాంకు పెట్రోల్ ఉంటే చాలు. నేను ట్రాక్‌కు వెళ్తాను, డిక్కీలో సామాను పెట్టను, ఫోన్ ఎత్తే మెకానిక్ ఉన్నాడు కాబట్టి నాకు సరిపోయింది. పిల్లలు వెనక కూర్చునే ఇంటి కారైతే డిక్కీలోకి పెట్రోల్ తేను, ట్యాంకు లోపలే బాఫిల్ (పెట్రోల్ ఓ పక్కకు పోకుండా ఆపే అడ్డుపలక) పెట్టించుకుంటాను.