పుల్లకాడల ఊరికి మళ్లీ

ఇంగ్లండ్‌లో మేం ఒకప్పుడున్న ఈమ్ అనే ఊరు చూడ్డానికి అమ్మతో వెళ్లొచ్చాం. ముందు బస సంగతి కక్కేస్తాను, లేకపోతే కడుపుమంట చల్లారదు. రాత్రికి 148 పౌండ్లు, మన లెక్కలో 17 వేల దాకా. అమ్మకి 79 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి, కింది గదే కావాలని డబ్బు కట్టకముందే రాసి అడిగాను. సరేనన్నారు. తీరా వెళ్తే మేడ మీద గది, నిచ్చెనలాంటి మెట్లు. ఫొటోలో కొండలు కనిపించిన కిటికీలోంచి పక్క పబ్బువాళ్ల చెత్తడబ్బాలు. పొద్దున టిఫిను గది అద్దెలోనే అన్నారు కదా అని కూర్చుంటే, మాంసం వద్దన్న పాపానికి అరముక్క టొమాటో, గరిటెడు తియ్యటి బీన్స్, రెండు టోస్టులు. సాసేజీ, బేకన్ మిగిలాయిగా, పైసా తగ్గించరేం? డబ్బు వాపసు అడిగితే బుకింగు షరతులు చూపించారు. మావారు "పోనిద్దూ" అన్నారు. మధ్యాహ్నం దాకా ఆయనతో మాట్లాడలేదు నేను.

మీరు ఈమ్ చూడాలంటే షెఫీల్డ్‌లో దిగి, పొద్దున్నే బస్సెక్కండి. మనిషికి 3 పౌండ్లు, దారంతా కొండలే.

నాన్న షెఫీల్డ్ ఆసుపత్రిలో డాక్టరుగా చేసినప్పుడు, 1974 నుంచి నాలుగేళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాం. జనం ఇక్కడికి ప్లేగు కథ కోసం వస్తారు. 1665లో లండన్ నుంచి వచ్చిన గుడ్డల మూటతో ఊళ్లోకి ప్లేగు దిగిందట. మరుసటి ఏడు అది చుట్టుపక్కలకి పాకకూడదని ఊరివాళ్లు తమ పొలిమేర తామే మూసుకున్నారు. డబ్బులతో రోగం అంటకూడదని పొలిమేర రాతి గుంటల్లో వెనిగర్ పోసి అవి వేస్తే, అవతలి ఊరివాళ్లు అవి తీసుకుని తిండి పెట్టి వెళ్లేవారు. చిన్నప్పుడు ఆ గుంటల్లో వేళ్లు పెట్టి ఆడేదాన్ని. మొన్నా పెట్టాను. నా వేళ్లే లావయ్యాయి.

అమ్మకి గుర్తున్న ఊరు వేరు. గోంగూర దొరక్క అల్లాడుతుంటే, పక్కింటావిడ పెరట్లోంచి రూబార్బ్ అనే కాడల మొక్క తెచ్చిచ్చింది, పుల్లగా ఉంటుందని. అమ్మ మన అలవాటు కొద్దీ కాడలు పారేసి, ఆకులు తరిగి పొయ్యెక్కించబోయింది. దాంట్లో తినేది ఎర్రటి కాడే, ఆకు విషం! గోడవతల నుంచి చూసిన ఆవిడ పిండిచేతులతో పరుగెత్తుకొచ్చి గిన్నె లాగేసుకుంది, "నో డక్, నో!" అంటూ. అక్కడ ఆప్యాయంగా ఎవర్నైనా 'డక్' అంటారు. అమ్మకేం తెలుసు? గిన్నె లాక్కున్నందుకు కాదు, బాతు అన్నందుకు రెండు రోజులు అలిగింది. తర్వాత పుల్లకాడల పప్పు మా ఇంట్లో వారానికి రెండుసార్లు.

మేమున్న ఇల్లు ఇప్పుడు టూరిస్టుల అద్దెకి. బయటి నుంచే చూసి వచ్చేశాం. టీ, కేకు ముగ్గురికీ 19 పౌండ్ల 50 పెన్నీలు, ఇవ్వొచ్చు.

తిరిగొస్తుంటే ఓ గేటు ముందు బల్ల మీద రూబార్బ్ కట్టలు, పక్కన డబ్బులేసే డబ్బా. కట్ట పౌండున్నర. మనిషెవరూ లేరు. అమ్మ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి వేసింది. లోపల్నుంచి ఎవరో ముసలావిడ "థాంక్యూ, డక్" అని కేకేసింది.

"వెల్కమ్, డక్," అంది మా అమ్మ.

ఆ కట్ట మాంచెస్టర్‌లో చెల్లెలింటికి చేరి పప్పయింది. కాడలకి అంటుకున్న ఆకులు మాత్రం అమ్మ బస్టాపులోనే తుంచి పారేసింది, మావారికి ఎక్కడ కనిపిస్తాయోనని.