పదకొండు సీజన్లు నాతో నడిచిన విన్‌చెస్టర్ మోడల్ 12

అక్టోబరు చివరికి అమెరికాలో మా ఒమాహా నగరం చుట్టుపక్కల మొక్కజొన్న కోతలు అయిపోవస్తాయి. కోసేసిన చేల గట్ల వెంట కోడిలాంటి ఫెజెంట్ పక్షుల కోసం నడిచేటప్పుడు నా చేతిలో ఉండేది 1950 ప్రాంతంలో తయారైన పన్నెండు బోరు పంప్ తుపాకి, విన్‌చెస్టర్ కంపెనీ మోడల్ 12. స్లైడు అనే ముందు పిడిని వెనక్కీ ముందుకీ ఆడిస్తే తూటా మారుతుంది కాబట్టి పంప్ అంటారు. బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. దాన్ని 2013లో మా పక్కింటి పెద్దాయన దగ్గర 450 డాలర్లకి కొన్నాను. వేసవిలో క్లబ్బులో ట్రాప్, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని కొట్టే ఆట, ఆడేది కూడా దీంతోనే. ఈ పదకొండు సీజన్లలో పది వేల తూటాలకు పైనే కాల్చి ఉంటాను. తర్వాత ఇంకొకటి, పదహారు బోరుది, ఆన్‌లైన్‌లో కొని దెబ్బతిన్నాను. ఆ రెండింటి వల్ల నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పాత పంప్ తుపాకి కొందామనుకునే మనవాళ్ళు అమెరికాలో ఇప్పుడు కొద్దిమందైనా ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని.

ముందు ఒక ముఖ్యమైన మాట. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే కొన్నాను. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది కానీ, ఎవరో చెప్పారని ఆ ధైర్యంతో ముందుకెళ్ళకండి. లాయర్‌తో మాట్లాడాకే ఆ సంగతి చూడండి.

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజినీర్ని, మిల్లింగ్ మెషీన్ల మధ్య పనిచేస్తాను. ఈ తుపాకి మీద నా ఇష్టానికి అది కూడా కారణమే. దీని రిసీవర్, అంటే బోల్టు, ట్రిగ్గరు అన్నీ కూర్చునే ఆ ఉక్కు పెట్టె, ఫోర్జింగ్ చేసిన ఉక్కు దిమ్మని చెక్కి తీసింది. చెక్కిన ప్రతి ముఖం చేతికి తెలుస్తుంది. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ చేసిన అంతకుముందరి విన్‌చెస్టర్ పంప్, మోడల్ 1897కి, తూటాని పేల్చే దెబ్బ కొట్టే సుత్తి బయటికి కనిపిస్తుంది. ఆ పద్ధతినే మెరుగుపరిచి, సుత్తిని లోపలికి తీసుకెళ్ళి, విన్‌చెస్టర్ ఇంజినీరు టి.సి. జాన్సన్ దీన్ని తయారుచేశాడు. 1912లో మొదట ఇరవై బోరులో వచ్చింది, పన్నెండు, పదహారు బోర్లు ఆ తర్వాత వచ్చాయి. 1919 దాకా దీని పేరు మోడల్ 1912, అప్పటి నుంచి మోడల్ 12. 'పర్‌ఫెక్ట్ రిపీటర్' అని కంపెనీ ప్రచారం చేసుకునేది. 1960ల మొదట్లో ఆపేసేలోపు దాదాపు ఇరవై లక్షలు తయారుచేశారు. ఆపేయడానికి కారణం తుపాకిలో లోపం కాదు, దాన్ని చెక్కడానికయ్యే కూలి. 1950లో పోటీ కంపెనీ పంప్ తుపాకి, రెమింగ్టన్ 870 వచ్చింది. రేకుని అచ్చుగుద్ది చేసిన భాగాలు ఎక్కువగా వాడటంతో అది తక్కువ ధరకే దొరికింది. 870 కూడా మంచి తుపాకే, నేను కాదనను. కానీ రెండూ పక్కపక్కన పెట్టి స్లైడు లాగి చూస్తే చేతికి తెలిసిపోతుంది. నా మోడల్ 12 స్లైడు ముందుకీ వెనక్కీ నూనె రాసిన డ్రాయరులా జారుతుంది. డెబ్భై ఏళ్ళుగా ఒకదానికొకటి రాసుకుని అరిగి, అమరి కూర్చున్న ఉక్కు అది.

గుర్తుపట్టడం దగ్గరికి వద్దాం. తుపాకి చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఖాళీగా ఉందా లేదా చూడటం. తూటా కూర్చునే చాంబర్‌లో కన్ను పెట్టి, వేలు పెట్టి, మిగతా తూటాలు ఉండే మ్యాగజైన్ గొట్టంలో కూడా చూస్తాను. ఆ తర్వాతే దాన్ని బోర్లా తిప్పుతాను. రిసీవర్ అడుగున ముందు అంచులో సీరియల్ నంబరు ఉంటుంది. దానికి ఎదురుగా, బారెల్ వైపు వచ్చే భాగం అడుగున కూడా అదే నంబరు ఉండాలి. ఇది రెండు ముక్కలుగా విడిపోయే తుపాకి కాబట్టి ఎవరో ఎప్పుడో వేరే తుపాకి బారెల్ తెచ్చి తగిలించి ఉండొచ్చు. రెండు నంబర్లూ కలవకపోతే తుపాకి పేలదని కాదు, పాత వస్తువుగా దాని విలువ పడిపోతుంది. తర్వాత బారెల్ మీదా రిసీవర్ మీదా కోడిగుడ్డు ఆకారంలో ఉండే డబ్ల్యూ-పి ముద్ర రెండు చోట్లా ఉందా అని చూడండి, అది ఫ్యాక్టరీలో పరీక్ష చేసిన గుర్తు. చోక్, అంటే బారెల్ చివరి ఇరుకు, ఎంతో బారెల్ ఎడమవైపు రాసి ఉంటుంది. నాది ఫుల్ చోక్, బాగా ఇరుకు.

ఉక్కు మీది నలుపు పూత అసలుదా, మళ్ళీ వేయించిందా అన్నదే ధరని అన్నిటికంటే ఎక్కువగా మారుస్తుంది. దీన్ని పెద్దాయనే నాకు నేర్పాడు. వాళ్ళ గ్యారేజీలో బల్బు కిందకి తీసుకెళ్ళి, బారెల్ మీది అక్షరాల మీద వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోమన్నాడు. అసలు నలుపులో అక్షరాల అంచులు కత్తితో గీసినట్టు పదునుగా ఉంటాయి. మళ్ళీ నలుపు వేసేవాళ్ళు ముందు మెషీన్ మీద పాలిష్ పడతారు కాబట్టి అంచులు కరిగిన సబ్బు మీది అక్షరాల్లా మెత్తబడతాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ చూడమన్నాడు. రంధ్రం అంచు సమంగా ఉండకుండా చిన్న గిన్నెలా లోపలికి వాలితే అది పాలిష్ చక్రం చేసిన పని. మళ్ళీ నలుపు వేయించి కొత్తలా నిగనిగలాడే తుపాకి కంటే, పట్టుకునే చోట నలుపు అరిగి లోపలి లోహం బూడిదరంగులో కనిపించే తుపాకికే కలెక్టర్లు ఎక్కువ ఇస్తారు. అసలు నలుపు ఇంకా ఎంత శాతం మిగిలి ఉందనేదే వాళ్ళ లెక్క. అందుకే కొన్న కొత్తలో నేను దీనికి నలుపు వేయిద్దామా అంటే ఆయన ముఖం వాడిపోయింది, వద్దన్నాడు. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

నేను దెబ్బతిన్నది పదహారు బోరు విషయంలో. 2017లో ఆన్‌లైన్ వేలంలో ఫొటోలు చూసి 700 డాలర్లు పెట్టాను. 1920ల తొలినాళ్ళది, తేలికగా, సన్నగా, చాలా అందంగా ఉంది. లైసెన్స్ ఉన్న డీలర్ దుకాణానికి వచ్చింది, కొనేవాడి వివరాలు రాసే ఫెడరల్ ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాను. దుకాణంలో దొరికే మామూలు 70 మిల్లీమీటర్ల తూటాలు కొన్నాను. చక్కగా లోపలికి వెళ్ళాయి. పేలిస్తే భుజం అదిరింది. పదహారు బోరు అంత గట్టిగా తన్నకూడదు. పేలిన ఖాళీ తూటా తీసి చూస్తే మూతి పీచులు పీచులుగా చిరిగి ఉంది. ఇంకో రెండు కాల్చాను, రెండూ అంతే. అక్కడితో ఆపేశాను.

మర్నాడు తుపాకులు బాగుచేసే మనిషి దగ్గరికి పట్టుకెళ్తే, గేజి పెట్టి కొలిచి చెప్పాడు, చాంబర్ 65 మిల్లీమీటర్లే అని. ఆ కాలంలో మోడల్ 12 పదహారు బోరు చాంబర్ 2 9/16 అంగుళాలు, ఇప్పటి తూటాలు 2 3/4. తూటా పెట్టె మీద రాసే పొడవు మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. మడిచి ఉన్నప్పుడు పొట్టిగా ఉంటుంది కాబట్టి పాత చాంబర్‌లోకి హాయిగా దూరిపోతుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు లేక ముందున్న ఇరుకు భాగంలోకి తోసుకుపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. తూటా పట్టింది కదా అని తుపాకికి సరిపోయిందనుకోవడం నా తప్పు. పాత ఇరవై బోరు వాటిలో కూడా చాంబర్ పొట్టిగా ఉంటుంది, పన్నెండు బోరు మోడల్ 12కి ఈ బాధ లేదు. చాంబర్ పొడిగించవచ్చు కానీ కలెక్టర్ దృష్టిలో అది కూడా తుపాకిని మార్చడమే. నేను పొడిగించలేదు. దానికి సరిపడే పొట్టి తూటాలు తెప్పించుకుని ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే కాలుస్తాను. కొనే ముందు చాంబర్ కొలత అడిగి రాతలో తీసుకోండి. అమ్మేవాడు తెలియదంటే కొలిపించమనండి.

ఆ పదహారు బోరుకి ఇంకో జబ్బు కూడా ఉంది. ఎవరో ఏళ్ళ తరబడి నూనె కుమ్మరించి, బారెల్ మూతి పైకి పెట్టి నిలబెట్టారు. నూనె అంతా కిందికి దిగి వాల్‌నట్ కర్రలోకి ఇంకిపోయింది. వెనక స్టాక్ విప్పితే, రిసీవర్‌ని ఆనుకుని ఉండే కర్ర మొన నల్లగా, గోరు దిగేంత మెత్తగా ఉంది. సుద్దపొడి ముద్దలా చేసి పట్టించి, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చగా చేసి, పొడి పసుపురంగుకి తిరగ్గానే గీకేసి మళ్ళీ పట్టించాను. అలా రెండు వారాలు పట్టింది. ఇప్పుడు గట్టిపడింది కానీ ఆ నలుపు పూర్తిగా పోలేదు. అందుకే నా రెండు తుపాకుల్నీ శుభ్రం చేశాక మొదటి రాత్రి మూతి కిందికి పెట్టి ఉంచుతాను.

నా రోజువారీ సంరక్షణ చాలా తక్కువే. కాల్చిన రోజే బారెల్‌లో బ్రష్ తిప్పి, సాల్వెంట్‌తో తడిపిన గుడ్డముక్కలు తెల్లగా వచ్చేదాకా లాగుతాను. పైన చేతులు తగిలిన చోటల్లా పలుచగా నూనె తుడుస్తాను. నా చేతులకి చెమట ఎక్కువ, ఒక్క రాత్రి వదిలేస్తే వేలిముద్రల ఆకారంలోనే తుప్పు వస్తుంది. లోపల చిక్కటి గ్రీజు వాడను. జనవరిలో ఇక్కడి చలికి గ్రీజు బిగుసుకుపోయి స్లైడు మొరాయించింది, అప్పటి నుంచి పలుచటి నూనె రెండు చుక్కలే. కర్రకి ఏడాదికోసారి ఉడికించిన అవిసె నూనె, అరచేతి వేడితో రుద్దడమే. వార్నిష్ జోలికి పోవద్దు. స్క్రూల గాడులు సన్నగా ఉంటాయి, ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ జారితే గాడి చెదిరిపోతుంది. చెదిరిన స్క్రూని చూసి కొనేవాడు ధర తగ్గించేస్తాడు. తుపాకుల కోసమే సానపట్టిన బిట్ల సెట్టు కొనుక్కోండి, ఆ ఖర్చు దండగ కాదు.

2019లో బారెల్ కలిసే చోట కొంచెం లూజు వచ్చింది. పట్టుకుని ఊపితే టకటకమంది. నాకు టెన్షన్ పట్టుకుంది, వేల తూటాల అరుగుదల ఇదేనేమో అని. దీనికి మందు జాన్సన్ తుపాకిలోనే పెట్టి పోయాడు. మ్యాగజైన్ గొట్టం ముందున్న పిన్ను నొక్కి, గొట్టాన్ని పావు చుట్టు తిప్పి ముందుకు లాగితే, బారెల్ కూడా పావు చుట్టుతో ఊడి వస్తుంది. దాని వెనక పళ్ళున్న చిన్న సర్దుబాటు కడియం, దాన్ని పట్టి ఉంచే చిన్న స్క్రూ. స్క్రూ విప్పి కడియాన్ని ఒక్క పన్ను జరిపి మళ్ళీ బిగించాను. బిగించాక ఊపితే చప్పుడు లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే అరుగుదలని ముందే ఊహించి చోటు వదిలిపెట్టే డిజైన్ మిషన్ షాపులో నేను రోజూ చూడను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ట్రిగ్గరు నొక్కి పట్టుకుని స్లైడు మూస్తే దానంతటదే పేలుతుంది, ఇందులో దాన్ని ఆపే ఏర్పాటు లేదు. కొత్తవాళ్ళ చేతికి ఇచ్చేముందు నేను ఖాళీ తుపాకితో చూపించి, స్లైడు ఆడించేటప్పుడు వేలు ట్రిగ్గరు మీద ఉండకూడదని ఒకటికి పదిసార్లు చెప్తాను. ఖాళీ తూటా కుడివైపుకి ఎగురుతుంది, ఎడమచేతివాటం వాళ్ళకి అది ముఖానికి అడ్డం వస్తుంది. వాళ్ళు ఖాళీ తూటాని కిందికి వదిలే ఇథాకా 37 తుపాకి చూసుకోవడం మంచిది. సీసానికి బదులు ఉక్కు గుళ్ళున్న తూటాలు ఈ పాత ఫుల్ చోక్‌లో కాల్చకూడదు, బారెల్ పాడవుతుంది. 1991 నుంచి దేశమంతటా బాతుల వేటకి సీసం నిషేధం, అందువల్ల ఈ తుపాకితో బాతులకి వెళ్ళాలంటే బిస్మత్ లాంటి మెత్తటి లోహపు తూటాలే గతి, అవి ఖరీదు. నేను ఫెజెంట్‌తోనే సరిపెట్టుకుంటున్నాను. విడిభాగాలు దొరుకుతాయి కానీ తెచ్చి వేస్తే సరిపోవు, చేత్తో రాపిడి పట్టి అమర్చాలి.

ధర గురించి ఇంకొక్క మాట. బారెల్ చివర ముడిలా ఉండే, ఇరుకుని మార్చుకునే పాలీ-చోక్ తగిలించినవీ, వెనక కర్ర కోసి రబ్బరు ప్యాడ్ వేసినవీ పనికి బాగానే ఉంటాయి, చవకగా వస్తాయి. వాడుకోవడానికే అయితే అలాంటిదే కొనండి, అరిగిపోతుందన్న బెంగ ఉండదు. ఇరవై ఎనిమిది బోరు మోడల్ 12 అని ఎవరైనా చూపిస్తే మాత్రం ఒంటరిగా నిర్ణయం తీసుకోవద్దు. అసలువి చాలా అరుదు, నకిలీలు ఎక్కువ. యుద్ధకాలంలో సైన్యం కోసం చేసిన ట్రెంచ్ తుపాకుల సంగతీ అంతే.

మా ఇంట్లో రెండూ ఉక్కు బీరువాలో ఉంటాయి, తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద. పండగలకి మనవాళ్ళు పిల్లలతో వస్తారు, ఆ తాళాల విషయంలో నేనూ నా భార్యా ఎప్పుడూ రాజీపడలేదు. ఇండియాలో మా తాతగారు తన డబుల్ బారెల్ తుపాకిని ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. ఆ రసీదుని ఆయన పొలం పత్రాలతో పాటే దాచేవారు.

పన్నెండు బోరుతో పాటు పెద్దాయన నాకొక పసుపుపచ్చ కవరు ఇచ్చాడు. అందులో వాళ్ళ నాన్న ఆ తుపాకి కొన్న హార్డ్‌వేర్ దుకాణం బిల్లు ఉంది, సీరియల్ నంబరు చేత్తో రాసి. పోయినేడాది తుపాకి విలువ కట్టించినప్పుడు, కట్టిన మనిషి తుపాకి కంటే ముందు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు, 800 డాలర్లు చెప్పాడు. నేను అమ్మను. 2019లో కడియం జరిపిన తేదీ, తర్వాత మార్చిన స్ప్రింగు, ఏ సీజనులో ఎన్ని తూటాలు కాల్చానో ఒక కాగితం మీద రాసి అదే కవరులో పెడుతున్నాను.