కారు స్కానర్‌కి మ్యాగ్నెట్ యాంటెన్నా కొనొచ్చా?

అమెరికాలో రైల్వే, వాతావరణ ప్రసారాలు వినే రేడియో స్కానర్‌తో వచ్చే రబ్బరు యాంటెన్నా కారులో సరిగ్గా పనిచేయదు. చుట్టూ ఉన్న రేకు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. కారు టాపుకి అయస్కాంతంతో అంటుకునే, బీఎన్‌సీ కనెక్టరున్న (స్కానర్‌కి తిప్పి బిగించే గుండ్రటి ప్లగ్గు) మ్యాగ్నెట్ యాంటెన్నా ఆ లోటు చక్కగా తీరుస్తుంది. టాపుకి రంధ్రం పెట్టక్కర్లేదు, నాకు నచ్చేది అదే.

దీన్ని టాపు నడిమధ్యలో పెట్టండి. ఆ రేకే యాంటెన్నాకి రెండో సగం; అంచుకి జరిపితే ఒకవైపు సిగ్నల్ తగ్గుతుంది. రాడ్ పొడవు రేడియో తరంగం పొడవులో పావు వంతు ఉండాలి: 75ని మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. రైల్వే వాడే 160 మెగాహెర్ట్జ్‌కి దాదాపు 47 సెం.మీ. వాతావరణ స్టేషన్లు 162.4 నుంచి 162.55 దాకా కాబట్టి వాటికీ అదే రాడ్ సరిపోతుంది.

ముందు టాపు, మ్యాగ్నెట్ అడుగు రెండూ తుడవండి. ఒక్క ఇసుక రేణువున్నా పెయింట్ మీద గీత పడుతుంది. కేబుల్‌ని వెనక డోరు రబ్బరు బీడింగ్ మెత్తగా ఉన్నచోట దూర్చి, బయట కిందికి చిన్న వంపు వదిలితే వాననీళ్లు అక్కడే కారిపోతాయి. డోరు లాక్ దగ్గర నలిగిందా, లోపలి తీగ షార్టయి స్కానర్ మూగబోతుంది.

గాజు టాపుకి, 2015 నుంచి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అల్యూమినియం బాడీకి మ్యాగ్నెట్ అంటదు. వాటికి బానెట్ అంచున బిగించే బ్రాకెట్ తీసుకోండి.